పెనం మీద కబాబ్

వలి మామకి యాభై రెండేళ్లు. అందులో ముప్పై ఏళ్లు అనకాపల్లి రింగురోడ్డు పక్కన కబాబ్ బండి మీద, బొగ్గుల పొయ్యి వెనకాల నిలబడే గడిచిపోయాయి. సాయంత్రం నాలుగింటికి కొబ్బరిచిప్పల బొగ్గు రాజేస్తాడు. నిప్పుల మీద బూడిద పొర కట్టేదాకా ఆగుతాడు. మంట కనిపిస్తుండగానే ముక్కలు గుచ్చిన సీకు పెట్టేవాడికి వంట రాదంటాడు. వేసవిలో వేట నిషేధం ఉన్న రెండు నెలలూ పూడిమడక పడవలు కదలవు, చేప దొరకదు. ఆ రెండు నెలలూ కోడే. ఈ ఎండకి పెరుగు పట్టించిన ముక్క సాయంత్రానికి పులిసిపోతుంది. అందుకని పచ్చి బొప్పాయి, నిమ్మరసం, అల్లంవెల్లుల్లి, కారం, అంతే.

దీన్ని ఎవరూ చదువు అనరు. కొత్త అపార్టుమెంట్ల డాబాల మీద కుర్రాళ్లు ఆన్‌లైన్లో కొన్న పొయ్యి పెట్టి, సగం మాడ్చి సగం పచ్చిగా తిని ఫొటోలు దిగితే అది బార్బెక్యూ. వలి మామ చేస్తే పొగ.

ఆ పొగే ఆయన్ని పట్టుకుంది. ఏప్రిల్లో దగ్గు మొదలైంది. మే వచ్చేసరికి నాలుగు మెట్లు ఎక్కలేకపోయాడు. డాక్టరు ఎక్స్‌రే చూసి, బొగ్గుల దగ్గర నిలబడటం మానకపోతే ఎక్కువకాలం బతకవని మొహం మీదే చెప్పేశాడు.

"బండి ఆపొద్దు. పొయ్యి ఆపు. పెనం మీద నేను కాలుత్తాను," అంది ఆయన భార్య గుల్జార్‌బీ.

"పెనం మీద కాల్చినదాన్ని కబాబంటారేటి? జనం మొహాన కొడతారు."

"కొట్టనీ. సూద్దాం."

ఒప్పుకున్నాడు. ఎందుకో ఎదురు సెల్ షాపులో పనిచేసే నాకు మాత్రం చెప్పాడు. "ఎవడూ తినడు, సూడు. మూడో రోజుకి మీ అత్తే నన్ను పొయ్యి ఎలిగించమంటాది." తనను చంపే పని తిరిగి చేతికి రావాలని అంతగా కోరుకున్న మనిషిని నేనింతవరకు చూడలేదు.

మొదటి సాయంత్రం గుల్జార్‌బీ గ్యాస్ స్టవ్ మీద ఇనుప పెనాన్ని పొగలొచ్చేదాకా కాల్చి, నాలుగు చుక్కలు నూనె వేసి, ముక్కలు ఒకదానికొకటి తగలకుండా పరిచింది. అడుగు ఎర్రబడేదాకా కదపలేదు. కాలిన ముక్కలు గిన్నెలో వేసి, మధ్యలో చిన్న స్టీలు కప్పు పెట్టి, అందులో స్టవ్ మీదే రాజేసిన ఒకే ఒక్క నిప్పుకణిక వేసి, దాని మీద నెయ్యి చుక్క వదిలి మూత పెట్టేసింది. అయిదు నిమిషాలు. పొగంతా లోపలే.

వలి మామ పక్కన స్టూలు మీద కూర్చున్నాడు. బెల్లం మార్కెట్లో బస్తాలు మోసే కనకరాజు వచ్చాడు. పదిహేనేళ్లుగా రోజూ తినే మనిషి.

"ఏటి మావా, పెళ్లికొడుకులాగ కూకున్నావ్? పొయ్యేదీ?"

"పొయ్యి నేదు. పెనం."

"పెనమా! దోసెలేత్తన్నారేటి?"

వలి మామ కళ్లు మెరిశాయి. "నచ్చకపోతే ఎల్లిపోరా. నేనేటీ అనుకోను."

"అత్త ఇంత ఎండలో సేత్తంటే ఎల్లిపోతానా?"

తిన్నాడు. వలి మామ అతని దవడల వైపే చూస్తున్నాడు.

"ఎలగుంది?"

"ఎప్పట్లాగే ఉంది మావా. కాత్త మెత్తగా కూడా ఉంది. ఇంకో ప్లేటెయ్ అత్తా!"

ఆ సాయంత్రం ఎవరూ వెనక్కి పోలేదు. సగం మంది బొగ్గుల పొయ్యి లేదన్న సంగతే గమనించలేదు. చీకటి పడేలోపే సరుకంతా అయిపోయింది. ఏ గాలికి బొగ్గు ఎలా మండుతుందో, ఏ ముక్కకి ఎంత సెగ కావాలో వలి మామ ముప్పై ఏళ్లు ఊపిరితిత్తులు కాల్చుకుని నేర్చుకున్నాడు. తినేవాళ్లకి కావలసింది ఉప్పు, కారం, కాస్త పొగ వాసన.

"మంచిదే కదా మామా, నీ ప్రాణం దక్కింది," అన్నాను.

గుల్జార్‌బీ దాచిన ముక్క ఒకటి తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. చాలాసేపు నమిలాడు.

"బాగుంది," అన్నాడు.

ఆవిడ మొహం వెలిగింది. "రేపు ఇంకో రెండు కేజీలు ఎక్కువ తెద్దామా?"

"నీ బండి, నీ ఇట్టం."

అని లేచాడు. ఎటు వెళ్లాలో తెలియలేదు. మళ్లీ కూర్చున్నాడు.