ముందు లారీకీ నాకూ మధ్య

మూడో క్లాసు దాకా చదివి నేను నేర్చుకున్నది ఒక్కటే, మేష్ట్రు బెత్తం అందనంత దూరంలో కూచోవడం. ఆయన ఒక అడుగు ముందుకొస్తే నేను రెండు వెనక్కి జరిగేవాణ్ణి. అట్లా జరిగి జరిగి ఒకరోజు చూసుకుంటే బడి బయట ఉన్నాను. మళ్లీ లోపలికి పోలేదు. తరవాత లారీ తోలే పనిలో నాకు అక్కరకొచ్చిన చదువు అదే.

అది యుద్ధకాలం. పెట్రోలు దొరక్క లారీలకు బొగ్గుల బాయిలరు బిగించి, ఆ గ్యాసుతో నడిపేవాళ్లం. పొద్దున్నే దాన్ని రాజేసి, గాలి పంఖా చేత్తో తిప్పి, కళ్లలో బూడిద పోయించుకుంటే గానీ ఇంజను పలికేది కాదు. చదును మీద ఎట్లో పోయేది. మిట్ట వచ్చిందంటే ముసలెద్దులాగా రొప్పి నడిమధ్యలో ఆగిపోయేది. ఆగితే పరవాలేదు, వెనక్కి జారేది. అందుకే ముందు లారీ మిట్ట ఎక్కుతుంటే, అది పైకి చేరేదాకా నేను కిందనే నిలబడేవాణ్ణి. చదును మీదయితే అది లేపిన దుమ్ము నేలకు దిగాకే ఆ చోటికి పోయేవాణ్ణి.

మా సావుకారుకి ఇది గిట్టేది కాదు. ఒకరోజు బాగేపల్లిలో చెనక్కాయ మూటలు ఎత్తుకుని చింతామణి సంతకు పోతున్నాం. ఆయన నా పక్కనే కూచున్నాడు. మా ముందు ఇంకో సావుకారు లారీ, అందులోనూ చెనక్కాయలే. సంతలో ముందు దిగిన సరుకుకే గిరాకి. నేను వదిలిన సందులోకి ఒక జట్కా దూరింది. జట్కాకీ సందు వదిలాను. అందులోకి గొర్రెల మంద దిగింది. గొర్రెలకీ వదిలాను.

"ఏమప్పా, ఇట్ల వదులుకుంటా మనం సంతకు పోతాండామా, బాగేపల్లికి వాపసు పోతాండామా?" అన్నాడు.

"గొర్రెలూ సంతకే పోతాండాయేమోనప్పా. తోడుంటాయి."

ఆయన నవ్వలేదు. "వాని వెనకాలనే అంటుకోని పో. మిట్ట మీద దాటుకో. వాడు మనకంటే ముందు చేరినాడంటే రేపట్నుంచి ఈ లారీ నువ్వు తాకొద్దు."

మిట్టేమరి ఊరి దగ్గర జట్కా, గొర్రెలు పక్క దారి పట్టాయి. నా తోడు పోయింది. కొంచెం దూరం పోయాక మిట్ట. ముందు లారీ ఎక్కుతోంది. నేను కిందనే బ్రేకు తొక్కాను.

"ఎందుకు నిలబెట్టినావు? ఊపు మీద ఎక్కాల్సింది కదా."

"ఊపు తీసుకోవాలన్నా ముందర చోటు కావాలప్పా. వాడు పైకి చేరనీ."

"నీకు భయం ఉండాదని చెప్పు."

"ఉండాది. బండి మీది, ప్రాణం నాది. అంటుకోని పోవాలంటే మీరే తోలుకోండి."

సీటు కింద నుంచి ఇంజను తిప్పే హ్యాండిలు తీసి ఆయన ఒళ్లో పెట్టి దిగిపోయాను. తెల్ల పంచెకు మసి అంటింది.

అంతలో పైన ఇంజను దగ్గింది, ఆగింది. లారీ వెనక్కి జారడం మొదలుపెట్టింది. దాని క్లీనరు దూకి చక్రం కింద కట్టె వేస్తే, దాన్ని ఎక్కి దాటింది. రాయి దొర్లిస్తే అడ్డంగా తిరిగి నిలబడింది. నాలుగు మూటలు జారి, చెనక్కాయలు దొర్లుకుంటూ మా చక్రాల దాకా వచ్చాయి.

"చూసినారా అప్పా?"

"చూసినా. నువ్వు ముందే దాటింటే ఈ అడ్డమే ఉండేది కాదు."

వాళ్లు లారీ పక్కకు తీసి దారి వదిలాక నేనే మళ్లీ ఎక్కి తోలాను. మేం చేరేసరికి సంత విడిపోతోంది. మూటలు దించాక, "రేపు రావద్దు" అన్నాడు.

"సరే. నేనొస్తే ఇట్లనే తోలుతా. ఇట్ల వద్దంటే నేనూ వద్దు" అని చెప్పి ఇంటికొచ్చాను.

చిక్కబళ్లాపురం నుంచి ఇంకో డ్రైవరును పిలిపించుకున్నాడట. వాడు ఆ బాయిలరు పొగ ఒక పూట పీల్చి, మళ్లీ కనబడలేదట. కొన్నాళ్లకు సావుకారే నన్ను పనికి పిలవడానికి మా వీధికొచ్చి, మలుపు దగ్గరే నిలబడి కేక వేశాడు. నేను అరుగు మీద కూచున్నవాణ్ణి కూచున్నట్టే ఉన్నాను.

"అంత దూరం ఎందుకు నిలబడినారు? దగ్గిరికి రాండప్పా."

ఆయన కండువాతో మొహం తుడుచుకున్నాడు. "నువ్వు యాడ నిలబడిపోతావో, యాడ వెనక్కి జారతావో ఎవరికి తెలుసప్పా? నువ్వు లేసి కదిల్తే గానీ నేను దగ్గిరికి రాను."