ఊదడం రాని ఫిరోజా మేడం

ఫిరోజా మేడం గది ఎక్కడని ఆ డిగ్రీ కాలేజీలో ఎవరినడిగినా ముందు మిమ్మల్ని నెత్తి నుంచి కాళ్ల దాకా ఒకసారి చూస్తారు. మీలో తేడా ఏమీ లేదని నమ్మకం కుదిరాకే, "ఆ కడాకు పోండి సార్, నీళ్ల ట్యాంకు పక్కన" అంటారు. నమ్మకం కుదరకపోయినా చెప్పేది అదే దారి. కాకపోతే కొంచెం జాలిగా చెబుతారు.

మైదుకూరు నుంచి కర్నూలు పోయే దారిలో, ఒక చిన్న ఊరి చివర ఉంది ఆ కాలేజీ. ఊరి పేరు రాయను. ప్రిన్సిపాలు శేషన్న నాకు పాత స్నేహితుడు. పేరు రాస్తే ఈసారి పోయినప్పుడు టీ ఇప్పించడు.

మేడం గది ఒకప్పుడు ఆటసామాన్ల గది. ఇప్పటికీ ఒక మూల చిరిగిన వాలీబాల్ నెట్టు, కుర్చీ కింద ఇనుప గుండ్లు ఉన్నాయి. తలుపు మీద "విద్యార్థి మానసిక ఆరోగ్య, విద్యా సలహా కేంద్రం" అని బోర్డు. అంత పేరు పలికే ఓపిక ఎవరికుంటుంది? పిల్లలు దాన్ని తిక్క రూము అన్నారు. ఇంకేముంది, ఆ గదిలోంచి బయటికొస్తూ కనబడినవాడి పక్కన ఆ సాయంత్రం బస్సులో ఎవరూ కూర్చోరు. మా సీమ బస్సుల్లో కిటికీలోంచి రుమాలు విసిరి సీటు పట్టుకుంటాం. రుమాలు పక్కన కూడా కూర్చునే జనం ఒక మనిషి పక్కన కూర్చోలేదంటే అది ఎంత పెద్ద వెలివేతో తిరిగినవాళ్లకే తెలుసు.

ఫిరోజా తండ్రి దాదాపీర్ మైదుకూరు బస్టాండులో గోలీసోడా బండి పెట్టుకున్నాడు. కూతురు సైకాలజీలో ఎమ్మే చేస్తానన్న రోజు చుట్టాలంతా చేరి విచారణ చేశారట.

"అది సదివితే డాక్టరైతావా?"

"కాదు."

"టీచరమ్మా?"

"కాదు."

"మరేం జేస్తావే?"

"మాట్లాడతా."

"దానికి సదువెందుకు? మీ జేజి ఒక్క అక్షరం రాకుండా సచ్చేదాకా మాట్లాడలేదా!"

ఆ నాయనమ్మ మాట ఎలా ఉన్నా, కాలేజీలో చేరిన కొత్తలో ఫిరోజాకు మాట్లాడడానికి మనిషే దొరకలేదు. వచ్చినవాళ్లు స్కాలర్‌షిప్పు ఎందుకు పడలేదనీ, బస్సు పాసు ఎక్కడ ఇస్తారనీ, ఏ గ్రూపు తీసుకుంటే ఉద్యోగం వస్తుందనీ అడిగేవారు. ఓపికగా చెప్పేది. మనసు గురించి అడిగినవాడు ఒకే ఒక్కడు. వాడు కూడా వేరే అమ్మాయి మనసు గురించి అడిగాడు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. నేను చాలా ఊళ్లు తిరిగాను, దొరికిన పుస్తకమల్లా చదివాను. భయానికి మనకున్నన్ని పేర్లు నాకు ఇంకెక్కడా కనబడలేదు. బెదురు, అదురు, జడుపు, దడ, గాబరా, గుబులు, దిగులు. పిల్లి అడ్డమొస్తే ఒకటి, పెళ్లివారు వస్తే ఒకటి. ఇన్ని పేర్లు పెట్టుకున్న జనం, "నాకు భయంగా ఉంది" అని మాత్రం పక్కవాడితో అనరు. కాలు నొప్పి అంటారు, కడుపులో మంట అంటారు. మునీంద్ర గుండెజబ్బు అన్నాడు.

మునీంద్ర ఆ కాలేజీలోనే డిగ్రీ రెండో ఏడు, కంప్యూటర్ల గ్రూపు. ఊళ్లో మగ్గాల వీధి కుర్రాడు. నాకు మొదట కనబడింది మాత్రం మైదుకూరు బస్టాండులో. దాదాపీర్ బండి దగ్గర సోడా తాగుతూ, పక్క బెంచీ మీద సంచీ ఒళ్లో పెట్టుకుని కూర్చున్న అతణ్ణి అడిగాను, నంద్యాల బస్సు ఎప్పుడని.

"ఇప్పుడొచ్చేది ఎక్కొద్దు తాతా. ఆ డ్రైవరు చాగలమర్రిలో టీకి దిగితే ఇల్లు కట్టుకున్నంత సేపు. దాని ఎనక వచ్చేది ఎక్కు."

వెనక బస్సు కోసం ఆగాను. అది ఆరోజు రానేలేదు. ఆ వారమంతా శేషన్న దగ్గరే ఉండిపోయాను. అందువల్లే మిగతా కథ చూసే భాగ్యం కలిగింది.

దాదాపీర్ ఆ పిల్లవాణ్ణి చాలా రోజులుగా గమనిస్తున్నాడు. కూతురికి చెప్పింది కూడా ఆయనే. "ఫిరోజా, మీ కాలేజోడు ఒకడు ఈడ ఉద్యోగం చేస్తాండాడు. పొద్దున్నే వస్తాడు, సద్ది తింటాడు, కాలేజీ ఇడిసే టయానికి పోతాడు. జీతమొకటే లేదు."

ఆరోజే ఫిరోజా వచ్చి బెంచీ మీద అతని పక్కన కూర్చుంది. ఎందుకు క్లాసుకు రాలేదని అడగలేదు. ఒక సోడా అతని చేతికిచ్చి, ఒకటి తను తాగింది. గోలీ లోపలికి జారే కీచు శబ్దానికి పిల్లవాడు నవ్వాడు. నవ్వాక అన్నాడు.

"మేడం, నాకు గుండెజబ్బు ఉండాది."

"ఎవురు జెప్పినారు?"

"ఎవురూ చెప్పలే. నాకే తెలుసు."

జరిగింది ఇది. క్లాసులో ఒక్కొక్కరూ లేచి ఒక పాఠం ఇంగ్లీషులో చెప్పాలి. దాన్ని సెమినార్ అంటారు. మునీంద్ర వంతు వచ్చింది. లేచాడు. గుండె మగ్గం పలకలా దడదడ కొట్టుకుంది, నోరు ఎండింది, చేతిలో సుద్దముక్క కిందపడింది. వెనకెవరో కిసుక్కుమన్నారు. చచ్చిపోతున్నానని బయటికి పరుగెత్తాడు. మర్నాడు కాలేజీ గేటు దగ్గరికి రాగానే మళ్లీ అదే దడ. అప్పటినుంచి ఇంట్లో కాలేజీ అని చెప్పి, బస్సెక్కి మైదుకూరు పోతున్నాడు.

ఫిరోజా ముందు చేసిన పని అతణ్ణి ప్రభుత్వాసుపత్రికి తీసుకుపోవడం. డాక్టరు గుండె చప్పుడు విని, "ఎద్దు గుండె మాదిరి ఉండాది, పో" అన్నాడు. పిల్లవాడు దిగాలుపడ్డాడు.

"జబ్బుంటేనే బాగుండు మేడం. జబ్బుకైతే మాత్రలుంటాయి."

అసలు చిక్కు వేరే ఉంది. హాజరు బాగా తగ్గిపోయింది. శనివారం లోపల సర్దుకోకపోతే పరీక్షలకు కూర్చోనివ్వరు, ఏడాది పోతుంది. వాళ్ల నాయనది ఒకటే మాట, చదువు ఆగిన రోజే మగ్గం గుంతలోకి దిగాలని. మునీంద్రకు ఆ పని రాదు, ఇష్టమూ లేదు. ఫిరోజా వెళ్లి ఆ క్లాసు లెక్చరర్ రత్నమణిని బతిమాలింది. రత్నమణి కఠినమైన మనిషి, కాని రాయి కాదు. శనివారం క్లాసుకొచ్చి మిగిలిపోయిన సెమినార్ చెబితే మినహాయింపుకు పేరు పంపుతానంది. లేదంటే లేదు.

ఇంట్లో నువ్వే చెప్పాలని ఫిరోజా పట్టుబట్టింది. మునీంద్ర తల్లి సుబ్బక్కకు మాత్రం, అదీ సగమే చెప్పాడు. "కాలేజీలో ఫిరోజా మేడం అని ఉండాది. ఆయమ్మ కాడికి పోతే భయం పోతాదంట."

మర్నాడు సుబ్బక్క, గేటంటే జడిసే కొడుకును వెనక దారిన వెంటబెట్టుకుని, నీళ్లతో నిండిన చెంబు కొంగు కింద పట్టుకుని తిక్క రూముకు వచ్చింది. శేషన్న టీ ఆలస్యమయ్యేసరికి నేను ఆ గడప దగ్గరే తచ్చాడుతున్నాను.

మా వైపు ఎరిగినవాళ్లకు చెప్పనక్కర్లేదు. సాయంత్రం నమాజు అయ్యే వేళకు మసీదు మెట్ల దగ్గర తల్లులు నిలబడతారు. చంకలో పిల్ల, చేతిలో చెంబు. కులమూ మతమూ ఎవరూ అడగరు. నమాజు చేసి వచ్చేవాళ్లు పిల్లల నెత్తిన, నీళ్ల మీద ఊది వెళ్తారు. జడుపు పోతుందని నమ్మకం. ముస్లిం మేడం, భయం పోగొడుతుంది, గదిలో కూర్చుంటుంది. సుబ్బక్క లెక్కలో తప్పెక్కడుంది?

"ఊదు తల్లీ" అని చెంబు బల్ల మీద పెట్టింది.

"అక్కా, నేను సదివింది సైకాలజీ. ఊదేది కాదు."

"అదేదో ఒకటి. దాంతోనే ఊదు."

"నాకు రాదక్కా."

"సిగ్గుపడాకమ్మా. మీవోళ్లకు పుట్టుకతోనే వస్తాది."

"మా నాయనకే రాదు."

"ఆయప్పకు సోడా గొట్టేదానికే ఊపిరి సాలదు, పాపం."

"పోనీ, మసీదు కాడికే పోరాదా?"

"ఈడు సిన్నప్పుడు కోతిని జూసి జడుసుకుంటే ఆడనే ఊదిపించినా. తగ్గిపాయ. కోతులకు ఆ ఊపిరి సాలు. ఇంగ్లీషుకు సదువుకున్నోళ్లే ఊదాల."

ఫిరోజా పగలబడి నవ్వింది. మునీంద్ర సిగ్గుతో వాలీబాల్ నెట్టు వెనక దాక్కునేంత పని చేశాడు.

ఒక్క ఊపిరితో పోయేదానికి ఊదేస్తే ఏం పోయింది అని నాకనిపించింది. తర్వాత ఆమెనే అడిగాను. "నేనొకసారి ఊదితే, వాడు జీవితమంతా నన్ను చెంబులో పెట్టుకుని తిరగాల సార్" అంది.

అప్పుడు మాత్రం చెంబును మెల్లగా పిల్లవాడి ముందుకు జరిపింది. "నాకు మంత్రం రాదక్కా, అబద్ధమెందుకు. వాడే ఊదుకుంటాడు."

సుబ్బక్క బుగ్గన వేలు పెట్టుకుంది. "యాడన్నా రోగే ఊదుకుంటాడా? ఇదేం ఇడ్డూరం!"

"ముక్కుతో గాలి తీస్కో మునీంద్రా. నోట్లోంచి నిదానంగా ఇడువు. నీళ్లు కదలాల, అల మాత్రం అంచు దాటకూడదు."

మునీంద్ర ఊదాడు. నీళ్లు ఎగిరి సుబ్బక్క మొహాన పడ్డాయి.

"టీ సల్లార్చినట్ల ఊదితే ఎట్లప్పా! నిదానం, నిదానం" అంది ఫిరోజా.

మళ్లీ ఊదాడు. మళ్లీ. ఊపిరి పొడుగ్గా వదిలినప్పుడు గుండె పరుగు తగ్గుతుందని ఆమె చెప్పింది. నేనూ గడప దగ్గర నిలబడి, చెంబు లేకుండానే రెండుసార్లు చేసి చూశాను. అల కాసేపటికి సన్నబడింది. పిల్లవాడు తన మణికట్టు తనే పట్టుకుని చూసుకుని, "తగ్గింది మేడం" అన్నాడు, దొంగను పట్టేసినట్టు. ఆ రోజు గేటు దాకా, మర్నాడు ఖాళీ క్లాసు దాకా వాడితో నడిచింది ఫిరోజా. చెంబు కూడా నడిచింది.

సుబ్బక్క ఊరుకుంటే కథ అక్కడితో సాఫీగా ఉండేది. మగ్గాల వీధిలో మాట దాగదు. శుక్రవారం పొద్దునకు కాలేజీ వరండాలో చెంబుల బారు. అన్నం తినని పిల్ల ఒకతె, ఫోను వదలని కొడుకు ఒకడు. ఒకామె ఏకంగా తాగే మొగుణ్ణే పట్టుకొచ్చింది.

శేషన్న అంగీ గుండీలు తప్పుగా పెట్టుకుని పరుగెత్తుకొచ్చాడు.

"ఫిరోజా! ఇది కాలేజీనా, దర్గానా?"

"బోర్డు పెట్టినప్పట్నుంచి ఒక్కరూ రాలేదని మీరే గదా సార్ అంటాండేది."

"పిల్లోళ్లు రావాలంటినమ్మా, చెంబులు కాదు!"

ఆమె ఒక్కొక్కరికీ అదే చెప్పింది. "ఊదను. వినేదానికైతే కూర్చోండి." కొందరు సణుక్కుంటూ నీళ్లు ట్యాంకు కింది మొక్కకు పోసి వెళ్లారు. కొందరు కూర్చున్నారు. తమ తల్లులే ఆ గడప తొక్కడం చూశాక, ఇక తిక్క రూము అనడానికి పిల్లలకు నోరు రాలేదు. జనం పల్చబడ్డాక శేషన్న తలుపు దగ్గరికి వచ్చి, గొంతు తగ్గించి అడిగాడు.

"దాంతో బీపీ తగ్గుతాదామ్మా?"

"మాత్ర వేసుకోండి సార్. వేసుకున్నాక ఊదండి."

శనివారం రత్నమణి క్లాసు గుమ్మం దగ్గర మొదటి అడ్డంకి వచ్చింది.

"క్లాసులోకి చెంబేంది?"

"అందరూ నీళ్ల బాటిళ్లు తెస్తాండారు గదా మేడం" అంది ఫిరోజా. "వీనిది మూతలేని బాటిలు."

రత్నమణి నవ్వు పెదవి మీదికి రాకుండా ఆపుకుని దారి వదిలింది. మునీంద్ర లోపలికి పోయాడు. నేనూ ఫిరోజా కిటికీ పక్కన నిలబడ్డాం. వాడు లేచాడు. చెంబు చేతిలోకి తీసుకుని ఊదాడు. క్లాసు గొల్లుమంది. పిల్లవాడి చెవులు ఎర్రబడ్డాయి. ఫిరోజా కిటికీ ఊచ గట్టిగా పట్టుకుంది. వాడు పరుగెత్తుతాడనే అనుకున్నాను. పరుగెత్తలేదు. నవ్వులు అయ్యేదాకా ఆగి, మళ్లీ నిదానంగా ఊది, మొదలుపెట్టాడు.

గొప్పగా చెప్పాడని రాస్తే అబద్ధం. కొన్ని వాక్యాలు తలకిందులయ్యాయి, కొన్ని సగంలో చచ్చిపోయాయి. మధ్యలో పూర్తిగా ఆగిపోయి గోడవైపు చూస్తూ నిలబడ్డాడు. ఊపిరి వదిలాడు. ఆగినచోటు దొరకక ఇంకోచోట అందుకున్నాడు. చివరికి మాట మధ్యలోనే థాంక్యూ అనేసి, చెంబు బల్ల మీద వదిలి బయటికొచ్చేశాడు.

వెనకే రత్నమణి గుమ్మం దాకా వచ్చింది. "సగం తప్పు చెప్పినాడు. మిగతా సగం పోయినవారం నేను చెప్పిందే నాకు చెప్పినాడు." ఒక్క క్షణం ఆగింది. "పేరు పంపుతా."

అప్పుడు వరండా స్తంభం వెనక నుంచి బుస్సు బుస్సుమని చప్పుడు వినిపించింది. సుబ్బక్క. ఒకటి ఒలికిపోతే ఇంకొకటి ఉండాలని తెచ్చుకున్న రెండో చెంబు ఒళ్లో పెట్టుకుని, కళ్లు మూసుకుని, సెమినారు జరిగినంత సేపూ తనూ ఊదుతూనే ఉంది. చీర మోకాళ్ల దాకా తడిసిపోయింది. చెంబులో గుక్కెడు నీళ్లు మిగల్లేదు.

కొడుకు ఆమె ముందు గొంతుక్కూర్చున్నాడు.

"అమా, అట్ల కాదు. నిదానంగా. అల అంచు దాటకూడదు."

సుబ్బక్క కళ్లు తెరిచింది. వాడు బతికే ఉన్నాడో లేదో అన్నట్టు మొహమంతా తడిమి చూసింది.

"అయిపాయెనా?"

"అయిపాయ. పేరు పంపుతారంట."

"గంట గొట్టినారా?"

"ఇంకా లేదు."

"మరి ఈడేం జేస్తాండావురా? నాకు ఊదేది నేర్పిచ్చను వచ్చినావా! లోపలికి పో."

మునీంద్ర ఫిరోజా వైపు చూశాడు. ఆమె కిటికీ ఊచ వదిలి చేతికంటిన తుప్పు దులుపుకుంటోంది. వాడు లేచి, చొక్కా చేత్తో మొహం తుడుచుకుని, క్లాసులోకి వెళ్లి కూర్చున్నాడు.