స్పిరిట్‌లో ముంచిన కత్తెర

నెలకొక మంగళవారం మధ్యాహ్నం మూడింటికి, మిషిగన్‌లో హైవే పక్కనున్న ఒక పాత డైనర్ వెనక గదిలో మేం పది పన్నెండుమందిమి కలుస్తాం. అందరం లైసెన్సు మీద గంజాయి పండించేవాళ్లం. కొందరికి సొంత గ్రీన్‌హౌస్‌లున్నాయి. నాలాంటివాళ్లు ఇంకొకరి దగ్గర జీతానికి పండిస్తారు. ఒకరికొకరం పోటీయే, అయినా కలుస్తాం. మొక్కజొన్న వేసేవాడికి యూనివర్సిటీవాళ్లు ఇంటికొచ్చి సలహా చెబుతారు. మా పంట దగ్గరికి అలా ఎవరూ రారు. ఇంటర్నెట్‌లో దొరికేదాంట్లో సగం గొప్పలు, సగం అమ్మకాలు. అందుకని మాకు మేమే దిక్కు.

ఆ గదికి రెండు నియమాలున్నాయి. మొదటిది, మొక్కల దగ్గరనుంచి నేరుగా రాకూడదు. తలస్నానం చేసి, బట్టలు మార్చి, వేరే బూట్లు వేసుకుని రావాలి. ఒకరి గదిలో పురుగు ఇంకొకరి చొక్కా ఎక్కి ఊళ్లు తిరుగుతుంది. మా అమ్మమ్మ మడి కట్టుకున్నప్పుడు కూడా ఇంత పట్టింపు లేదు. ఒకసారి ఒకాయన గుమ్మం దాకా వచ్చి, పొద్దున మొక్కల గదిలోకి వెళ్లిన సంగతి గుర్తొచ్చి, వెనక్కి వెళ్లి కార్లో కూర్చుని శాండ్‌విచ్ తిన్నాడు. మీటింగంతా ఫోన్ స్పీకర్లో విన్నాడు. ఎవరూ నవ్వలేదు.

రెండోది, ప్లేటు ముట్టుకునే ముందు ప్రతివాళ్లూ ఆ నెలలో చేసిన తప్పొకటి చెప్పాలి. గొప్పలు చెప్పుకోవడం తిన్నాకే. ఈ నెల నేనేం తప్పు చేయలేదు అన్నవాణ్ని ఎవరూ నమ్మరు.

నేను ఈ పనిలోకి నలభై దాటాక వచ్చాను. ఆంధ్రాలో అగ్రికల్చర్ బీఎస్సీ చదివి, మొక్కల తెగుళ్లలో ఎమ్మెస్సీ చేసి, పెళ్లయి ఇక్కడికొచ్చాను. మా ఆయన కార్ల కంపెనీలో ఇంజినీరు. ఏళ్ల తరబడి నా చదువు ఫార్మింగ్టన్ హిల్స్‌లో తెలిసినవాళ్ల కరివేపాకు మొక్కలకే పనికొచ్చింది. చలికాలం వస్తే చాలు, ఆకులు రాలుతున్నాయి ఆంటీ, అని పిల్లల చేత కూడా ఫోన్లు చేయించేవారు. సిటిజన్‌షిప్ వచ్చిన తర్వాత, ఒక పాత కార్ల విడిభాగాల గోడౌన్‌లో గంజాయి పండిస్తున్న కంపెనీకి తెగుళ్లు తెలిసిన మనిషి కావాలంటే అప్లై చేశాను. అంతకుముందు చేయడానికి లేదు. రాష్ట్రం ఒప్పుకున్నా కేంద్రం ఒప్పుకోని పంట ఇది. వీసా మీదో గ్రీన్ కార్డ్ మీదో ఉన్నవాళ్లు ఇందులో చేయి పెడితే కాగితాలకే ముప్పు అని లాయరు తెగేసి చెప్పింది. మావాళ్లలో చాలామందికి నేను ఇప్పటికీ మందుమొక్కల కంపెనీలో చేస్తున్నాను. గంజాయి అన్న మాట తెలుగులో అనగానే వాళ్ల కళ్ల ముందు పోలీసులు, పట్టుకున్న మూటలు, పేపర్లో ఫోటో కనిపిస్తాయి. వివరించే ఓపిక నాకు లేదు.

ఓపిక లేకపోయినా గర్వం ఉంది. అది ఒప్పుకోవాలి. ఆ డైనర్ గదిలో పన్నెండుమందిలో మొక్కల తెగుళ్లు కాలేజీలో చదివింది నేనొక్కదాన్నే. వాళ్లు నన్ను డాక్టర్ అని పిలిచేవారు, నేను కాదని రెండుసార్లు చెప్పి ఊరుకున్నాను. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు. రెండో ఏడు వచ్చేసరికి నాకు ఆ జబ్బు బాగానే పట్టింది.

వాళ్లలో ఒక పెద్దాయన ఉన్నాడు. కార్ల ఫ్యాక్టరీలో పనిముట్లు తయారు చేసే పనిలో రిటైరయ్యాడు. భార్యా తనూ కలిసి చిన్న లైసెన్సు మీద చిన్న తోట నడుపుతారు. వైద్యానికి మాత్రమే అనుమతి ఉన్న రోజుల్లో భార్య వేళ్ల నొప్పుల కోసం మొదలుపెట్టిన రకం ఒకటి ఆయన దగ్గర ఉంది. పదిహేనేళ్లుగా కొమ్మనుంచి కొమ్మ, ఆ కొమ్మనుంచి ఇంకో కొమ్మ, అలా నిలబెట్టుకుంటూ వచ్చాడు. విత్తనం లేదు, ఇంకెక్కడా లేదు. ఒక్క తల్లి మొక్క, దాన్ని కత్తిరించి నాటితే వచ్చే పిల్లలు. వాళ్ల తోటంతా దాని మీదే నడుస్తుంది. ఆ రకం కోసమే కొనేవాళ్లున్నారు.

ఆయన కత్తెరలు బ్లీచ్ నీళ్లలో ముంచేవాడు. బ్లీచ్ ఇనుమును తినేస్తుంది. పనిముట్లు చేసిన మనిషికి తుప్పు చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. ఒక మీటింగ్‌లో ఆయన చెప్పిన తప్పు అదే, మంచి జర్మన్ కత్తెర ఒకటి తుప్పు పట్టించానని. నేను వెంటనే అందుకున్నాను. బ్లీచ్ ఎందుకు, స్పిరిట్ వాడండి, ఇంజెక్షన్‌కి ముందు చేతికి రాస్తారే అది, ఒక మొక్కకూ ఇంకో మొక్కకూ మధ్య అర నిమిషం ముంచితే చాలు, కత్తెర పాడవదు, రోగమూ పాకదు అన్నాను. కాలేజీలో మాకు చెప్పింది అదే. అక్కడున్నవాళ్లు సగంమంది ఆ వారమే మారిపోయారు. పెద్దాయన అయితే మర్నాడు ఫోన్ చేసి, ఎంత శాతం స్పిరిట్, ఎన్ని సెకన్లు అని అడిగి మరీ మారాడు. ఆ వసంతంలోనే మా రకం ఒకటి ఆయనకు నచ్చితే, కాగితాలన్నీ రాసి, మొక్క మొక్కకూ ట్యాగులు కట్టి, ఇరవై పిల్లమొక్కలు పంపించాను.

ఎండాకాలం చివర్లో మా రెండో గదిలో పూత తేడాగా వచ్చింది. మొక్కలు గిడసబారి, కొమ్మలు పట్టుకుంటే పుటుక్కున విరుగుతున్నాయి. పువ్వులు చిన్నవి, జిగురు లేదు. మొక్కల వేర్లు కత్తిరించి ల్యాబ్‌కి పంపాను. ఒక శుక్రవారం పొద్దున రిపోర్టు వచ్చింది. వైరాయిడ్. వైరస్ కంటే చిన్నది, మొక్క రసంలో ఉంటుంది, నెలల తరబడి పైకి ఏమీ కనిపించదు. కత్తెర అంచున అంటిన రసం చాలు, పక్క మొక్కకు పోతుంది. ల్యాబ్‌లో మాట్లాడినామెకు మా శుభ్రత గురించి చెప్పుకున్నాను, ప్రతి కోతకీ స్పిరిట్‌లో ముంచుతామని. ఆమె, స్పిరిట్ దీన్నేమీ చేయదండీ, బ్లీచే చేస్తుంది అంది.

బాక్టీరియాకు చదివిన పాఠం దీనికి అప్పజెప్పాను. దీని గురించి నేను విడిగా చదవలేదు. చదవకుండానే అంత ధీమాగా చెప్పాను. జబ్బు ఉన్న ఇరవై మొక్కలు పెద్దాయన తోటలో ఉన్నాయి. చంపని మందులో కత్తెర ముంచి, వాటినీ ఆయన తల్లి మొక్కనూ ఒకే చేత్తో కత్తిరిస్తూ ఉండి ఉంటాడు, నేను చెప్పానని. సరైన అలవాటున్న ఆయన్ని తప్పు అలవాటులోకి తెచ్చింది నేనే.

మా ఓనరుకు చెప్పాను. గదులు ఖాళీ చేసి కడగడానికి ఒప్పుకున్నాడు కానీ, ఈ మాట నాలుగు గోడలు దాటకూడదన్నాడు. తాడిచెట్టు ఎందుకెక్కావంటే దూడగడ్డి కోసం అన్నట్టు, నేను ఆ మాటను పట్టుకుని వేలాడాను. నిజానికి ఓనరు నన్ను ఎన్నడూ ఏ విషయంలోనూ ఆపగలిగింది లేదు. నాకే నోరు రాలేదు.

మంగళవారం మీటింగ్‌కి ఇంకా పదకొండు రోజులుంది. తప్పు చెప్పుకునే చోటు అది, చెప్పుకునే పద్ధతీ ఉంది, అక్కడే అందరి ముందూ చెబుతాను అని తీర్మానించుకున్నాను. ఎంత నిజాయితీగా అనిపించిందో నాకు. ఇంట్లో మా ఆయనకు చెబితే ఆయన లాప్‌టాప్ మూసి నా వైపు తిరిగాడు.

"మీటింగ్ దాకా ఎందుకు? ఇప్పుడే కాల్ చేయొచ్చుగా. మా ఆఫీస్‌లో కారు బ్రేకుల్లో డిఫెక్ట్ ఉందని తెలిస్తే నెక్స్ట్ మీటింగ్ దాకా ఆగం."

అవి కార్లు, ఇవి మొక్కలు, నీకు తెలియదు అని కసిరాను. ఆయన మళ్లీ అడగలేదు. ఆ పదకొండు రోజుల్లో మూడుసార్లు ఫోన్లో పెద్దాయన పేరు దాకా వెళ్లి, పక్కన పెట్టేశాను. రేపు చేద్దాం అనుకునేదాన్ని. మీటింగ్‌లో చెప్పబోయే మాటలు మాత్రం కారు నడుపుతూ బాగా తయారు చేసుకున్నాను.

ఆ మంగళవారం నా వంతు వచ్చినప్పుడు ఏదీ దాచలేదు. వైరాయిడ్ అన్నాను, మా గదుల్లో ఉందన్నాను. స్పిరిట్ గురించి నేను చెప్పింది తప్పు, అందరూ ఈరోజే బ్లీచ్‌కి మారండి అన్నాను. పెద్దాయన వైపు తిరిగి, మీకు పంపిన ఇరవై మొక్కల్లోనూ ఉండొచ్చు, నన్ను క్షమించండి అన్నాను. ఆ తర్వాత వాళ్లు నా మీద చూపించిన దయ తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. ఒకామె నా భుజం మీద చేయి వేసింది. కిందటేడు తనకూ ఇదే వచ్చిందని, చెప్పడానికి ధైర్యం లేకపోయిందని ఒకాయన ఒప్పుకున్నాడు. నాకు గుండె తేలికైంది. బాగానే చెప్పాననుకున్నాను కూడా.

పెద్దాయన అంతసేపూ కాఫీ కప్పు తిప్పుతూ కూర్చున్నాడు. కోపంగా లేడు. చివర్లో నెమ్మదిగా అడిగాడు.

"రిపోర్టు ఏ రోజు వచ్చింది?"

కిందటి శుక్రవారం ముందు శుక్రవారం అన్నాను.

ఆయన కొంచెంసేపు లెక్క కట్టుకున్నాడు. "కిందటి శనివారం మా తల్లి మొక్కను కత్తిరించాను. ముందు మీ మొక్కలు, తర్వాత అది. అదే కత్తెర."

అప్పటిదాకా ఆయన దాన్ని ముట్టుకోలేదు. వసంతంలో తీసిన పిల్లలు సరిపోయాయట. శనివారమే మొదటిసారి. రిపోర్టు నా చేతికొచ్చిన ఎనిమిదో రోజు. నేను ఫోన్ పక్కన పెట్టేసిన రోజుల్లో అదొకటి.

ఇంకా అంటుకుని ఉండకపోవచ్చు, పరీక్ష చేయించండి అని ఏదో అన్నాను. చేయించాడు. నెల ఆగి ఒకసారి, ఇంకో నెల ఆగి మరోసారి. మొదటిసారి ఏమీ లేదు, రెండోసారి జబ్బు బయటపడింది. ఆ రోజు నేను వాళ్ల తోటకు వెళ్లాను. పిలవలేదు, వస్తానంటే వద్దనలేదు. తల్లి మొక్క, దాని పిల్లలు, ఆ శనివారం అదే కత్తెర తగిలిన వసంతంనాటివి, అన్నీ లాగేయాలి. ల్యాబ్‌లో కొమ్మ చివర గోరంత ముక్క తీసి శుభ్రమైన మొక్క పెంచే పద్ధతి ఉంది, ప్రయత్నిద్దాం, ఏడాది పడుతుంది అన్నాను. ఆయన భార్య వేళ్లు ఇప్పటికీ పూర్తిగా ముడుచుకోవు. ఆమె చేతులకు గ్లవ్స్ తొడుక్కుంటూ, ప్రయత్నించాం, రెండు ముక్కలూ బతకలేదు అంది. మీటింగైన వారమే, నాకు చెప్పకుండా, ల్యాబ్ వెతుక్కున్నారట. మూడున్నర గంటలు ముగ్గురం మొక్కలు లాగి, లైసెన్సు లెక్క కోసం తూకం వేసి, రాసి, సంచుల్లో కుక్కాం. తల్లి మొక్కను ఆయన లాగలేదు. మొదలు దగ్గర రంపంతో కోశాడు. కోసి రంపాన్ని బ్లీచ్‌లో ముంచాడు.

నేను ఏడ్చాను. వాళ్లు ఏడవలేదు. ఆమె నాకు మంచినీళ్లిచ్చింది.

సంగతి బయటపెట్టినందుకు ఓనరు రెండు రోజులు నాతో మాట్లాడలేదు, తర్వాత మామూలైపోయాడు. మా గదులు కోలుకున్నాయి. మీటింగ్‌లో ఇప్పుడొక కొత్త నియమం ఉంది, ప్రతిపాదించింది నేనే: జబ్బు సంగతైతే మీటింగ్ దాకా ఆగకూడదు, తెలిసిన గంటలోపు అందరికీ మెసేజ్ పెట్టాలి. అందరూ చేతులెత్తారు. పెద్దాయన కూడా ఎత్తాడు.

ఆయన మీటింగ్‌లు మానలేదు. వేరేవాళ్ల రకాలు కొని పండిస్తున్నాడు, బాగానే పండుతున్నాయి. నాతో మర్యాదగా మాట్లాడతాడు, మా పిల్లల గురించి అడుగుతాడు. కిందటి నెల, తేమ ఎక్కువైతే పువ్వుకు బూజు పడుతుంది, చివరి రెండు వారాలు రాత్రిపూట ఫ్యాన్లు ఆపకండి అని చెప్పాను. చిన్న విషయం, ఎవరికైనా తెలిసిందే. ఆయన శ్రద్ధగా విన్నాడు. విని, తల ఊపి, పక్కనున్నాయన వైపు వంగి, నేను అక్కడే ఉండగా, ఇది నిజమేనా అని అడిగాడు.