పది నిమిషాల కోసం తెరిచిన ఫోల్డర్

తెలంగాణ రాష్ట్రం వచ్చిన నాలుగో ఏట, వానాకాలంలో, మా కంపెనీ నన్ను నల్లగొండకు ఒక విచారణ మీద పంపింది. ఆన్‌లైన్‌లో సరుకు అమ్మే చిన్న దుకాణాల సమాచారాన్ని క్లౌడ్‌లో, అంటే ఎక్కడో ఉన్న పెద్ద కంప్యూటర్లలో కిరాయికి తీసుకున్న జాగాలో, భద్రపరచడం మా కంపెనీ పని. అది బయటికి పొక్కకుండా చూసే విభాగానికి నేను సీనియర్ మేనేజర్ని. ఆ రోజుల్లో సీనియర్ అన్న మాటను కాస్త గట్టిగానే పలికేదాన్ని.

ఫిర్యాదు పానగల్ దారిలో ఉన్న షబానా దుకాణం నుంచి వచ్చింది. చుట్టుపక్కల మగ్గాల మీద నేసిన చీరలను ఆమె ఆన్‌లైన్‌లో అమ్మేది. కోరినవాళ్లకు జాకెట్ కూడా కుట్టించి పంపేది. కొలతలను తనూ, జాకెట్ కుట్టే ఆడమనిషీ తప్ప ఇంకెవరూ చూడరని ఆమె మాట ఇచ్చింది, ఆ మాట మీదే బేరం నడిచేది. అలాంటిది కల్వకుర్తిలో ఒక టీచరమ్మకు ఎవడో ఫోన్ చేసి, ఆమె కొలతలు ఆమెకే చదివి వినిపించాడు. ఆమె ఏడుస్తూ షబానాకు చెప్పింది. అనుమానమంతా జాకెట్లు కుట్టే యాదమ్మ మీదికి పోయింది. నేతపని ఇంటి కోడలు, భర్త పోయాక ఆ కుట్టు మీదే బతుకుతున్న మనిషి. షబానా ఆమెకు పని ఆపేసింది.

నేను లాప్‌టాప్‌తో, ముప్పై ప్రశ్నల పట్టికతో దిగాను. యాదమ్మను ఎదురుగా కూర్చోబెట్టి, వయసులో నాకన్నా పెద్దదైనా 'నువ్వు' అంటూ అడిగాను. ఫోన్ ఎవరి చేతికిచ్చావు? పాస్‌వర్డ్ ఎవరికి చెప్పావు? గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకుంటుందేమోనని ఆమె భుజాల వైపే చూస్తున్నాను.

"పాస్‌వర్డంటే ఏందో నాకెరుక లేదు మేడం. పేరు, ఫోన్ నంబరు, కొల్తలు చీటీ మీద రాస్త, గుడ్డకు పిన్ను పెడ్త. ఒగరిది ఒగరికి పోవద్దని షబానమ్మ చీరెతోటి కలిపి ఫోటో కొడ్తది. గంతే," అంది.

మొత్తం సంగతి ఆ జవాబులోనే ఉంది. నేను మాత్రం నోట్‌బుక్‌లో 'సహకరించడం లేదు' అని రాసుకున్నాను.

మా నిబంధన ప్రకారం మనుషుల్ని పిలవకముందే లాగ్ చూడాలి. ఎవరు ఏ ఫోల్డర్ తెరిచారో, ఎవరు అనుమతులు మార్చారో కంప్యూటర్ తనంతట తాను రాసుకునే చిట్టా అది. దొంగ ఎదురుగానే ఉంది కదా అని దాన్ని భోజనం తర్వాతకు పెట్టుకున్నాను. తీరా తెరిస్తే, ఫోటోల ఫోల్డర్‌ను మూడు నెలల కిందట ఎవరైనా చూసేలా మార్చినట్టు ఉంది. మార్చినవారి పేరు నాదే.

అప్పుడు గుర్తొచ్చింది. దేవరకొండ దారిలో కారులో ఉండగా, చీరల ఫోటోలు వెబ్‌సైట్‌లో కనిపించడం లేదని షబానా ఫోన్ చేసింది. పది నిమిషాలే కదా అని, లోపల ఏముందో చూడకుండా ఫోల్డర్ మొత్తం బార్లా తెరిచాను. అంతలో సిగ్నల్ పోయింది, ఆనక నా జ్ఞాపకమూ పోయింది. అమ్మే చీరల ఫోటోల పక్కనే చీటీలు గుచ్చిన ఫోటోలూ ఉన్నాయి. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికానన్నమాట.

నాకు మొదట వచ్చింది పశ్చాత్తాపం కాదు, ఈ లాగ్‌ను చెరపవచ్చా అన్న ఆలోచన. చెరపలేం. ఎవరూ చెరపకుండా కట్టుదిట్టం చేయించింది కూడా నేనే.

ఫోల్డర్ మూసేసి, ఇద్దరికీ చెప్పాను. షబానా తల పట్టుకుని, "యా అల్లా, ఇగ యాదమ్మ మొఖం ఎట్ల చూడాలె?" అంది. యాదమ్మ నన్ను ఒక్క మాట తిట్టలేదు.

"టీచరమ్మకు మీరే చెప్పున్రి. నా ముంగటనే చెప్పున్రి," అంది.

ఫోన్ స్పీకర్‌లో పెట్టి, 'సాంకేతిక కారణాల వల్ల' అని మొదలుపెట్టాను. యాదమ్మ అడ్డం వచ్చింది. "గట్ల గాదు. నేనే తెరిచిన అని చెప్పున్రి." చెప్పాను.

"తాళమేసెటోళ్లే తలుపు తీసి పోతే, ఇగ దొంగలకు పనేముంటది మేడం?" అంది టీచరమ్మ.



మర్నాడు యాదమ్మ మళ్లీ మిషన్ మీద కూర్చుంది. చీటీలు బయటపడ్డ ఆడవాళ్లందరికీ రెండు రోజులపాటు నేనే ఫోన్లు చేసి అదే వాక్యం చెప్పాను. కొందరు తిట్టారు, కొందరు ఫోన్ పెట్టేశారు. ఆఫీసులో మెమో ఇచ్చారు, ఆ ఏడు రావలసిన ప్రమోషన్ ఆగింది. రెండూ న్యాయమే.

ఆ తర్వాత ఏ విచారణకు వెళ్లినా, మనిషిని పిలిచే ముందే లాగ్ తెరిచి, అందులో మొదట నా పేరు వెతికాను. రిటైరయ్యేలోపు ఇంకో రెండుసార్లు దొరికింది.