మామ్మగారు పుట్టిన ఊరు

2001 ఫిబ్రవరి. నాగాయలంకలో స్కూలు మేష్టారుగా ఉన్న నన్ను జనాభా లెక్కలకు ఎన్యూమరేటర్‌గా వేశారు. అంటే ఇంటింటికీ తిరిగి వివరాలు రాసుకోవాలి. పొద్దున్నే భుజాన సంచీ తగిలించుకుని, ఎండుచేపల వాసనలో వీధులు తిరిగిన ఆ రోజులు తలుచుకుంటే ఇప్పటికీ హాయిగా ఉంటుంది. ఒక్క ఇంటి దగ్గర చేసిన పనికి మాత్రం సిగ్గేస్తుంది.

ఆ ఇంట్లో డెబ్బై ఏళ్ల మామ్మగారు ఒక్కరే ఉండేవారు. షెడ్యూల్, అంటే మా ప్రశ్నల ఫారం, తీసి మొదలుపెట్టాను. మాతృభాష తెలుగన్నారు. ఇంకేమైనా భాషలు వచ్చా అంటే, “బర్మా భాష గడగడా మాట్లాడతా మేష్టారూ!” అన్నారు సంబరంగా. తీరా పుట్టిన ఊరు అడిగేసరికి ఆవిడ ముఖం మారిపోయింది.

“ఇక్కడే. ఇక్కడే అని రాసేయండి.”

“ఉన్నది చెప్పాలి మామ్మగారూ. తప్పు చెబితే కేసవుతుంది” అని గదమాయించాను. నాలుగు రోజుల ట్రైనింగ్‌కే నేనేదో కలెక్టర్నయిపోయినట్టు!

ఆవిడ గుమ్మం పట్టుకుని నిలబడిపోయారు. “పుట్టింది రంగూన్‌లోనే బాబూ. అక్కడా ఇలాగే వచ్చి రాసుకున్నారు. ఎక్కడ పుట్టావని అడగలేదు, మీది ఏ జాతి అన్నారు. మా నాన్న తెలుగువాళ్లమన్నాడు. పరాయివాళ్ల కింద రాశారు. కొన్నాళ్లకి ఓడెక్కించి పంపేశారు. ఇప్పుడు మీరేమో పుట్టిన ఊరు అడుగుతున్నారు. రంగూనని రాస్తే ఇక్కడా పరాయిదాన్నేగా? ఈ ఇల్లు కూడా పోతే ఈ వయసులో ఎక్కడికెళ్లను?”

ఆ దేశం జాతి అడిగింది, మన దేశం పుట్టిన చోటు అడుగుతోంది. ఎవరు ఏది అడిగినా ఆవిడ గుండెల్లో రాయి పడుతోంది.

అరుగు మీద కూర్చున్నాను. “ఇవి లెక్కల కోసమేనండీ. మీ ఇంటి జోలికి ఎవరూ రారు. నేనూ ఈ ఊళ్లో పుట్టలేదు, పామర్రులో పుట్టాను. నా ఫారంలోనూ అదే రాశారు.”

“పామర్రూ రంగూనూ ఒకటేనా మేష్టారూ?” అని నవ్వారు. “మా అమ్మ అక్కడే పోయింది. ఇక్కడ పుట్టానంటే ఆవిడ ఉసురు తగులుతుంది. రంగూననే రాయండి” అన్నారు.

రాశాను. రాసి మరిచిపోయాను.

రెండేళ్లకు గుడివాడ బదిలీ అయితే, చెప్పి వెళ్దామని ఆవిడ ఇంటికి వెళ్లాను. నన్ను చూడగానే ఆవిడ అన్న మొదటి మాట, “ఇంతవరకూ ఎవరూ రాలేదు మేష్టారూ!”

రెండేళ్లపాటు ఆవిడ గుమ్మం వైపు చూస్తూనే బతికారన్నమాట. మధ్యలో ఒక్కసారైనా వెళ్లి ధైర్యం చెప్పాల్సింది. మనం అడిగి, రాసుకుని వెళ్లిపోతే పని అయిపోయినట్టు కాదని ఆ రోజే తెలుసుకున్నాను.