ధూళిమిట్ట దారిలో తీసిన మబ్బు ఫోటో

దెయ్యాలను నమ్మేవాడినైతే నేను డార్క్‌రూమ్‌లో ఒక్క పూట కూడా పనిచేసేవాడిని కాదు. సిద్దిపేట బస్టాండు దగ్గరి సందులో మాది చిన్న ఫోటో స్టూడియో. ఎర్రబల్బు వెలుతురులో, మందునీళ్ల వాసనలో సగం జీవితం గడిచింది. ఫోటోలో దెయ్యం పడిందని భయపడుతూ వచ్చిన వాళ్లందరికీ కారణం చూపించి పంపాను. దుమ్మో, గీతో, ఒక ఫ్రేము మీద ఇంకో ఫ్రేము పడటమో, అంతే.

అందుకే ఇప్పుడు చెప్పబోయేది చెప్పాలంటే నాకే ఇబ్బందిగా ఉంది.

పెళ్లిళ్లు నాకు కూడు పెట్టేవి. గాలివానలు మాత్రం నా పిచ్చి. ఎండాకాలం సాయంత్రం పడమర నల్లబడిందంటే చాలు, షాపు మూసి, కెమెరా, స్టాండు స్కూటర్‌కు కట్టుకుని మబ్బుకు ఎదురు వెళ్లేవాడిని. జనమంతా ఇళ్లలోకి ఉరుకుతుంటే నేను ఊరి బయటికి. ఒకసారి రాళ్లవానకు తల కూడా పగిలింది. పెళ్లి రీళ్లు కలర్, వాటిని హైదరాబాద్ పంపి కడిగించాలి. మబ్బులకు మాత్రం బ్లాక్ అండ్ వైట్ వాడేవాడిని. ఆగలేక, నేనే కడుక్కోవచ్చని.

మా అక్కా బావా స్టూడియో వెనకింట్లో కిరాయికి ఉండేవారు. బావ మోపెడ్ మీద చీరల మూట కట్టుకుని ఊళ్లు తిరిగి అమ్మేవాడు. ఎక్కడ నిలబడినా ఎడమచెయ్యి నడుం మీద, కుడిచెయ్యి కళ్లకు అడ్డం. ఆ నిలబడే తీరు చూసి మేమందరం నవ్వేవాళ్లం.

తొంభైల మొదట్లో ఒక రోజు ధూళిమిట్ట దారిలో, ఒక వాగు కల్వర్టు దగ్గర బావ ఎదురయ్యాడు. వెనక ఆకాశం కాటుకలా ఉంది. మోపెడ్ అక్కడే పెట్టి నా స్కూటర్ ఎక్కమన్నాను. చీరలు వదిలి రానన్నాడు. పైగా నన్నే ఆటపట్టించాడు.

"ఎప్పుడు మబ్బులేనా బామ్మర్దీ, మనుషులను గూడ తియ్యి జర."

సరేనని ఒక ఫోటో తీశాను. తర్వాత నేను దూరంగా కనిపిస్తున్న గుట్ట ఎక్కాను. మొదటి గాలి విసురుకు స్టాండే పడబోయింది. అది కాస్త తగ్గాక, రాళ్లు పడేలోపు, వాగూ పొలాలూ అన్నీ వచ్చేలా మబ్బును తీశాను. ఆ తర్వాత రాళ్లవాన దంచికొట్టింది. ఒక బండకింద దూరి బతికాను.

ఇంటికొస్తే బావ రాలేదు. ఊళ్లో మామిడికాయలన్నీ రాలిపోయాయి, కరెంటు తీగలు తెగిపోయాయి. మా వాళ్లతో కలిసి మళ్లీ వెనక్కి పోయాను. కల్వర్టు దగ్గర మోపెడ్ పడి ఉంది. చీరల మూట వాగులో చాలా కిందికి కొట్టుకుపోయి ముళ్లకంపకు చిక్కింది. ఇక ఎవరికీ అనుమానం మిగల్లేదు. అందరూ వాగు వెంట కిందికే వెతికారు.

మర్నాడు పొద్దున బావ వాళ్ల పెద్దనాయిన స్టూడియోకు వచ్చాడు. కూర్చోలేదు. నా భుజం మీద చెయ్యి వేసి మెల్లగా అడిగాడు.

"బిడ్డా, మావోనిదొక పెద్ద ఫోటో తయారు చేసి పెట్టు."

ఏ ఫోటోనో నాకు తెలుసు. దండ వేసే ఫోటో. ఊరందరికీ చేసి ఇచ్చినవాడిని, నాకు తెలియక కాదు. బావది మంచి ఫోటో అంటే ఆ రీల్లో ఉన్నదొక్కటే. కరెంటు అప్పుడే వచ్చింది, లోపలికి పోయి రీలు కడిగాను. ఆరేదాకా ఆగాలి, కానీ బయట పెద్దాయన నిలబడే ఉన్నాడు. తడి నెగటివ్‌నే ఫోటో పెద్దది చేసే మిషన్‌లో పెట్టి లైటు వేశాను. బావ మొహం కింద పరుచుకుంది. నడుం మీద చెయ్యి. కాగితం పెట్టడానికి నాకు చేతులు రాలేదు.

ఆ మొహం చూడలేక ఫిల్మును పక్కకు జరిపాను. మబ్బు ఫ్రేము వచ్చింది. దాన్ని ప్రింటు వేశాను. ఎందుకు వేశానో ఇప్పటికీ చెప్పలేను.

ట్రేలో ముందు మబ్బు తేలింది, తర్వాత వాగు. వాగుకు అవతల, ఎగువన, పాడుబడ్డ బావి దగ్గర ఒక మోటరు గది. దానిపైన తెల్లగా ఒక మనిషి నిలబడి ఉన్నాడు. ఎడమచెయ్యి నడుం మీద, కుడిచెయ్యి కళ్లకు అడ్డం.

ప్రింటు తడిగానే తీసుకెళ్లి అక్కకు చూపించాను. నేను చెప్పేలోపే రాత్రంతా ఏడ్చిన మనిషి లేచి నిలబడింది.

"మీ బావనే తమ్మీ. పోదాం పా."

ఎగువకు వెతకడం దండగని అందరూ అన్నారు. అక్క వినలేదు. మేము చేరేసరికి ఆ మోటరు గది సగం కూలి ఉంది. గోడకింద కాలు ఇరుక్కుని, గొంతు పోయి, బావ ప్రాణాలతో ఉన్నాడు. అక్కను చూసి ఏడ్చాడు. నేనూ ఏడ్చాను. ఆ కాలు ఇప్పటికీ కొంచెం కుంటుతుంది, అంతే.

దవాఖానలో బావ చెప్పింది ఇదీ. మబ్బు చూసి భయపడి, మోపెడ్ వదిలేసి, చేజారిన చీరల మూటను వాగులోనే విడిచి, అవతల ఆ గదిలో దూరాడట. మొదటి గాలి విసురుకే గోడ కూలి కాలి మీద పడిందట. గదిపైకి ఎక్కనే లేదట. అంటే నేను ఫోటో తీసేటప్పటికి ఆయన గోడకిందే ఉన్నాడు.

నెగటివ్ ఆరాక మళ్లీ ప్రింటు వేశాను. సగం కూలిన గది ఉంది, మనిషి లేడు. భూతద్దం పెట్టి వెతికాను. రెండు ఫ్రేములు కలిశాయేమో అనుకున్నాను, కానీ వాటి మధ్య ఖాళీ శుభ్రంగా ఉంది. తడి నెగటివ్ మీద నీటిచుక్క నిలిచి తెల్లమచ్చ పడి ఉంటుంది. ఇంకెవరైనా ఆ ప్రింటు తెస్తే నేను చెప్పి పంపే మాట అదే.

ఆ ప్రింటు ఇప్పటికీ మా దగ్గర ఉంది. పెద్దనాయిన అడిగిన ఫోటో మాత్రం నేటికీ చెయ్యలేదు, అక్క చెయ్యనివ్వదు. మబ్బు పట్టినప్పుడల్లా బావ వాకిట్లోకొచ్చి అలాగే నిలబడి, నన్ను అడిగిందే అడుగుతాడు.

"నీళ్లసుక్క అంటవు గదా. నీళ్లసుక్క నడుం మీద చెయ్యి ఎట్ల పెట్టుకుంటది?"

 అడగడానికి ఆయన ఉన్నాడు, నాకు అది చాలు.