రెండో బస్సు రాని శుక్రవారం

శుక్రవారం మధ్యాహ్నం కువైట్‌లోని అల్ రాయ్‌లో మా గ్యారేజీ ముందు బస్సులు వరసగా నిలబడి ఇంజన్లు వేడెక్కుతుంటే, డీజిల్ పొగలో ఎండకు కాగిన రెక్సిన్ సీట్ల వాసన కలిసి ముక్కుకు తగులుతుంది. ఆ వాసన వస్తే చాలు, రాజ్యలక్ష్మి గారు కళ్ళ ముందు నిలబడతారు. బస్సు మెట్టు మీద ఒక కాలు పెట్టి, చుడీదార్ మీద ఏ సైట్ ఇంజనీరో వదిలేసి వెళ్ళిన మగవాళ్ళ కోటు వేసుకుని, ఎక్కుతున్న ఒక్కొక్కడి మొహంలోకీ చూస్తూ. తిన్నావా అని ఒకడిని, జ్వరం తగ్గిందా అని ఇంకొకడిని అడుగుతూ. ఆవిడ లేని ఈ రోజుల్లో ఆ మెట్టు మీద నేను నిలబడుతున్నాను. ఆవిడని చూడనివాళ్ళకి ఆవిడ ఎవరో చెప్పాలంటే ఫుట్‌బాల్ గురించి చెప్పాలి. తమాషా ఏమిటంటే ఆవిడకి ఆటంటే ఏమాత్రం ఇష్టం లేదు.

నేను హైదరాబాద్‌లో చదువుకుని, పెళ్ళయ్యాక మా వారితో కువైట్ వచ్చి, ఒక కాంట్రాక్టు కంపెనీలో అడ్మిన్ విభాగంలో చేరాను. ఆ విభాగానికి ఆవిడ పెద్ద. విజయవాడ ఆవిడ, యాభై దాటాయి, భర్త లేరు. మా కార్మికులు మహబూలాలో అద్దె ఫ్లాట్లలో ఇరుకుగా ఉండేవారు. ఎక్కువమంది నిజామాబాద్, జగిత్యాల వైపు మనుషులు, కొందరు మలయాళీలు, నేపాలీలు. అందరూ కలిసి ఒక జట్టు కట్టారు. శుక్రవారాలు వేరే కంపెనీల జట్లతో ఆడేవారు. మన మైదానంలో ఆట అయితే గొడవ లేదు. జహ్రాకో వఫ్రాకో వెళ్ళి ఆడాల్సినప్పుడు మాత్రం ఆడేవాళ్ళకంటే చూసేవాళ్ళు ఎక్కువగా బయలుదేరేవారు. బస్సులు, భోజనం, కూర్చునే చోటు, తిరుగు ప్రయాణం, అన్నీ ఆవిడ నెత్తిన వేసుకున్నారు. కంపెనీ అడగలేదు. ఎవరూ కాదనలేదు గనుక జరిగిపోయింది.

మా ఆఫీసులో ఒక ముసలి ఇంగ్లీషు ఇంజనీరు ఉండేవాడు. మా ఏర్పాట్లు చూసి నవ్వేవాడు. తమ ఊళ్ళో పరాయి ఊరి మ్యాచ్ అంటే ముందు ఏ పబ్బులో కలుసుకోవాలో తేల్చుకుంటారట, తర్వాత రైలు సంగతి, ఆట ఎప్పుడో చివర గుర్తొస్తుందట. మందు దొరకని దేశంలో మీ బాధ వేరు అన్నాడు. ఆవిడ నవ్వలేదు. మనకి పబ్బు లేకపోవడమే అసలు సమస్య అన్నారు. ఆవిడ నోట ఆ మాట విని నేను బిత్తరపోయాను. ఆ రోజు నుంచి, మ్యాచ్ ముందు గురువారం సాయంత్రం నన్ను కారులో కూర్చోబెట్టుకుని, ఆడబోయే ఊళ్ళో మా ‘పబ్బు’ వెతకడానికి వెళ్ళేవారు. మలయాళీ హోటలో, హైదరాబాదీ బిర్యానీ కొట్టో చూసేవారు. మేడ మీద గది ఉందా, టీవీ ఉందా, మరుగుదొడ్లు సరిపోతాయా అని చూశాక యజమానిని ఒకటే అడిగేవారు. మా వాళ్ళు టీ తాగేసి లేవకుండా కూర్చుంటే ఏమైనా అంటారా అని. అననని మాట ఇస్తేనే అక్కడ భోజనం చెప్పేవారు.

ఎందుకంత పట్టుదల అని ఒకసారి తిరుగు దారిలో అడిగాను. ఎదురుగా కార్ల ఎర్ర దీపాలు బారులు తీరి ఉన్నాయి. ఆవిడ రోడ్డు మీద నుంచి చూపు తిప్పలేదు.

“మా ఆయన తాగుడు దాహంతో మొదలవలేదమ్మాయ్. ఆఫీసు అయ్యాక ఇంటికి రాబుద్ధి కాదు, ఇంకెక్కడ కూర్చోవాలో తెలీదు. అలా మొదలైంది. కూర్చోడానికి చోటు లేని మగాడు, ఎవడు పిలిస్తే వాడి వెనకాల పోతాడు.”

అంతకుమించి ఆయన గురించి ఆవిడ ఎప్పుడూ చెప్పలేదు. కానీ ఆవిడ భయం దేనికో నాకు అర్థమైంది. మందు నిషేధం కాబట్టి ఇక్కడ ఎవరో ఎక్కడో మూసిన గదుల్లో కాచి, నీళ్ళ సీసాల్లో పోసి అమ్ముతారు. అందులో ఏం కలుస్తుందో అమ్మేవాడికే తెలియదు. ఆట ముగిశాక, బస్సు వచ్చేలోపు ఉండే ఖాళీ సమయమే ఆవిడకి శత్రువు. ఆ ఖాళీని బిర్యానీతో, టీతో, క్యారమ్ బోర్డుతో నింపేవారు. మా జట్టు కెప్టెన్ పోశెట్టి ఆవిడ మాట జవదాటేవాడు కాదు. గంగారాం అని ఒక మేస్త్రీ, ఆడేవాడు కాదు గానీ ఖాళీ రంగు డబ్బా మెడలో వేసుకుని రెండు కర్రలతో వాయిస్తే మైదానం మోగిపోయేది. అతని పక్కన ఎప్పుడూ లింబాద్రి ఉండేవాడు. గంగారాం ఊరివాడే, గదిలో పై మంచం లింబాద్రిది, కింది మంచం గంగారాంది. ఓడిపోయి వచ్చిన రోజుల్లో కూడా ఆ ఇద్దరూ బస్సులో పాటలు కట్టి ఆవిడని నవ్వించేవారు.

ఒకసారి జహ్రాలో మ్యాచ్ పడింది. ఆ వారంలోనే మాకు కొత్త మేనేజరు వచ్చాడు. కార్మికులని హోటల్లో గంటలకొద్దీ కూర్చోబెట్టడం ఏమిటని అడిగాడు. ఆడించండి, తీసుకురండి, ఖలాస్ అన్నాడు. హోటల్ వద్దన్నాడు. శుక్రవారం పొద్దున మా రెండు బస్సుల్లో ఒకదాన్ని వేరే సైటు పనికి పంపించాడు. ఉన్న బస్సే రెండుసార్లు తిరగాలి. ఆవిడ అతని గదిలో చాలాసేపు వాదించి బయటికి వచ్చారు. మొహం నల్లబడింది. మ్యాచ్ రద్దు చేద్దామా అని పోశెట్టిని అడిగారు. వారమంతా దీని కోసమే ఎదురుచూశారని వాడు తల వంచుకుని చెప్పాడు. ఆవిడ కాదనలేకపోయారు.

మ్యాచ్ గెలిచాం. గంగారాం డబ్బా సొట్టలు పడేదాకా వాయించాడు. బస్సు మొదటి విడత మనుషులని తీసుకుని వెళ్ళింది. మిగిలినవాళ్ళం మైదానం గోడ పక్కన నిలబడ్డాం. చలిగాలి మొదలైంది. దుమ్ము రేగుతోంది. కూర్చోడానికి ఒక అరుగు కూడా లేదు. కూల్‌డ్రింకు తాగివస్తామని కొందరు బకాలా వైపు, అదే వీధి చివరి కిరాణా కొట్టు వైపు వెళ్ళారు. అందరినీ పట్టి ఆపడానికి వాళ్ళేం చిన్నపిల్లలా? బస్సు తిరిగి వచ్చేసరికి వాళ్ళూ వచ్చేశారు. గంగారాం, లింబాద్రి, ఇంకో ఇద్దరు. అందరూ చూయింగ్ గమ్ నములుతున్నారు. పుదీనా వాసన గుప్పుమంది. మెట్టు మీద నిలబడ్డ ఆవిడ వాళ్ళ వంక చూశారు, నా వంక చూశారు. పక్కకి జరిగి దారి ఇచ్చారు. గెలిచిన రోజున పదిమందిలో పెద్ద మగాళ్ళ నోరు వాసన చూడడం ఆవిడకి చేతకాలేదు. తర్వాత ఆవిడ తన్ను తాను ఎన్నడూ క్షమించుకోలేకపోయింది ఆ ఒక్క క్షణానికే.

మర్నాడు మధ్యాహ్నం ఆఫీసుకి పోశెట్టి ఫోన్ చేశాడు. గంగారాం పొద్దుటి నుంచీ కక్కుతున్నాడట. ఇప్పుడేమో గదిలో లైటు ఎందుకు ఆర్పారని అడుగుతున్నాడట. లైటు వెలుగుతూనే ఉంది. ఆవిడ రెండో ప్రశ్న వెయ్యలేదు. కోటు తగిలించుకుని డ్రైవర్ని కేకేసి, నన్ను రమ్మన్నారు. బస్సు మహబూలా దారి పట్టాక ఫోన్ మోగింది, సంగతి అప్పుడే చెవిన పడ్డ మేనేజరు. కంపెనీ బండిలో ఆసుపత్రికి తీసుకెళ్ళొద్దు, వాళ్ళు ఎక్కడ తాగారో మనకి తెలియదని చెప్పండి అంటున్నాడు. ఆవిడ విని ఫోన్ పెట్టేశారు. మా బస్సు రెండు వైపులా కంపెనీ పేరు పెద్ద అక్షరాలతో రాసి ఉంటుంది.

ఫ్లాటులో కర్టెన్లు వేసి ఉన్నాయి. గంగారాం కింది మంచం మీద ముడుచుకుని పడుకుని రొప్పుతున్నాడు. వాడిని ఇద్దరు మోసుకెళ్ళి బస్సులో పడుకోబెట్టారు. వీడితో పాటు తాగినవాళ్ళు ఎక్కడని ఆవిడ అడిగారు. నడవాలో ఉన్నవాళ్ళంతా ఒకరి వెనక్కి ఒకరు జరిగారు. నిన్న గమ్ నమిలిన మిగతా ముగ్గురూ వాళ్ళలో లేరు, ఏదో గదిలో దాక్కున్నారని నాకు తెలుస్తోంది. చివరికి పోశెట్టి ముందుకొచ్చాడు.

“మేడం, దవఖానకు వోతే పోలీసోళ్లు వస్తరు. పేర్లు రాసుకుంటరు. ఈడ ఉండనిచ్చే ఇఖామా కాయితం కొట్టేసి పంపిస్తరు. మళ్ల ఈ దేశం మొఖం సూడనియ్యరు.”

“చూడ్డానికి కళ్ళుండాలి కదయ్యా,” అన్నారు ఆవిడ.

అని, ఆ మురికి నడవాలో గోడకి వీపు ఆనించి కింద కూర్చున్నారు. నన్ను గంగారాంతో బస్సులో వెళ్ళిపొమ్మన్నారు. బస్సు మళ్ళీ వచ్చేదాకా కూర్చుంటాను, మిగిలినవాళ్ళు వస్తేనే లేస్తాను అని అందరికీ వినిపించేలా చెప్పారు. గొంతు పెంచలేదు. నేను మెట్ల దాకా వెళ్ళానో లేదో వెనక ఒక తలుపు గడియ తీసిన చప్పుడైంది. లింబాద్రి గోడని తడుముకుంటూ వస్తున్నాడు. మంచు కురుస్తున్నట్టుంది మేడం, అంతా తెల్లగ కనపడుతుంది అన్నాడు. అతని వెనక మరో ఇద్దరు. ఆవిడ లేచి లింబాద్రి చెయ్యి పట్టుకున్నారు. అందరం ఒకే బస్సులో వెళ్ళాం.

ఆసుపత్రిలో డాక్టరు ఏం జరిగిందని అడిగితే ఆవిడ ఒక్క ముక్క దాచలేదు. నిన్న సాయంత్రం జహ్రాలో తాగారు, ఏం తాగారో తెలియదు, అక్కడికి తీసుకెళ్ళింది నేనే అన్నారు. కాసేపటికే పోలీసు వచ్చి నలుగురి పేర్లూ, ఆవిడ పేరూ రాసుకున్నాడు. రక్తం శుద్ధి చేసే మిషన్లకి వాళ్ళని తగిలించారు. ఆవిడ ఇంటికి వెళ్ళలేదు. గంగారాం మంచం పక్కన కుర్చీలో కూర్చుని, వాడికి స్పృహ ఉన్నంతసేపూ వాళ్ళ ఊరి సంగతులు అడుగుతూ ఉన్నారు. మరుసటి రోజు పొద్దున్నే వాడు పోయాడు.

గుండెపోటని ఇంటికి చెప్పమన్నాడు మేనేజరు. ఫోన్ ఆవిడే చేశారు. గంగారాం భార్య మాట నాకు కూడా వినిపించింది.

“ఎట్ల సచ్చిపోయిండు మేడం? నిజం చెప్పున్రి.”

ఆవిడ చెప్పారు. కల్తీ మందు అన్నారు, చూపు పోయిన సంగతి కూడా చెప్పారు. తర్వాత ఆ అమ్మాయి అడిగింది.

“ఆఖరికి పక్కన ఎవలన్న ఉన్నరా?”

“ఉన్నానమ్మా. నేనున్నాను.”

మిగిలిన ముగ్గురూ బతికారు. ఇద్దరికి చూపు తిరిగొచ్చింది. లింబాద్రికి నీడలు తప్ప మరేమీ మిగల్లేదు. ముగ్గురినీ దేశం నుంచి పంపించేశారు. అనుమతి లేకుండా కార్మికులని ఊళ్ళు తిప్పిందని, కంపెనీ పేరు బజారున పడేసిందని రాజ్యలక్ష్మి గారిని తీసేశారు. జట్టు అక్కడితో అయిపోయింది. క్యాంపులో కూడా ఆవిడని అందరూ దేవతలా చూడలేదు. దవఖానకి కాకుండా ఏ ప్రైవేటు డాక్టరునో తెచ్చి ఉంటే ముగ్గురి కొలువులు నిలిచేవి కదా అని గొణిగినవాళ్ళున్నారు. ఆవిడ ఆ మాట విన్నారు. నిజమే కావచ్చు అన్నారు. అంత చేదుగా ఒక మనిషి ఒప్పుకోవడం నేను చూడలేదు. వీడ్కోలు చెప్పడానికి ఎయిర్‌పోర్టుకి వెళ్ళింది నేనూ, పోశెట్టీ, అంతే.

విజయవాడ వెళ్ళాక ఆవిడకి లింబాద్రి ఫోన్ చెయ్యడం మొదలుపెట్టాడు. పొగడడానికి కాదు. తిట్టడానికి. గంగారాంతో పాటు పోనియ్యక ఎందుకు బతికించావని, గుడ్డివాణ్ణి చేసి ఊళ్ళో పడేశావని తిట్టేవాడు. నెలకో రెండు నెలలకో ఒకసారి తప్పకుండా చేసేవాడు. ఆవిడ ప్రతిసారీ ఎత్తేవారు. ఎందుకు ఎత్తుతారు, నంబరు ఆపేయండి అని నేను కోపంగా అన్నాను. ఆవిడ తొణకలేదు.

“నేను ఎత్తకపోతే వాడు ఇంట్లోవాళ్ళని తిడతాడమ్మాయ్. లేదా తన్ను తానే తిట్టుకుంటాడు. నన్నైతే ఏం పోయింది?”

తిట్టడం అయ్యాక అన్నం తిన్నావా అని అడిగేవారట. ఒక్కోసారి జవాబు చెప్పేవాడట.

పోయిన ఏడాది కిడ్నీలు పాడై ఆవిడ వెళ్ళిపోయారు. నాకు కబురు ఆలస్యంగా తెలిసింది. అప్పటికి నేను ఇంకో కంపెనీలో చేరాను. ఇక్కడా మహబూలాలో ఉండే కుర్రాళ్ళు జట్టు కట్టారు. ఇక్కడి పెద్దలని ఒప్పించి, ఆట తర్వాత కూర్చోడానికి చోటు చూశాకే బస్సులు మాట్లాడతాను. అంతా సరిగ్గా చేస్తే ఎవరికీ ఏమీ కాదని నేను నమ్మను. ఆవిడ దగ్గర పనిచేశాక అలాంటి నమ్మకం నిలవదు. అయినా చేస్తాను.

ఆవిడ పోయిన నెలకి తెలియని ఇండియా నంబరు నుంచి ఫోన్ వచ్చింది. లింబాద్రి. పోశెట్టిని అడిగి నా నంబరు తీసుకున్నాడట. మేడం ఫోన్ లేపుతలేదు, గుస్సా వచ్చిందా అని అడిగాడు. నేను సంగతి చెప్పాను. అవతల ఏదో ఆటో వెళ్తున్న చప్పుడు, ఎవరో పిల్లలు అరుస్తున్న చప్పుడు, అతని ఊపిరి.

“ఇగ నేనెవల్ని తిట్టాలె?” అన్నాడు.

“నన్ను తిట్టు,” అన్నాను.

అప్పటి నుంచి చేస్తూనే ఉన్నాడు. మొన్న శుక్రవారం మేం వఫ్రా నుంచి తిరిగి వస్తుండగా మోగింది. బస్సంతా గోలగా ఉంది. గెలిచిన్రా అన్నాడు. ఓడిపోయామన్నాను. అందరు ఎక్కిన్రా అన్నాడు. లేచి చూసి, ఎక్కారని చెప్పాను. అప్పుడు తిట్టడం మొదలుపెట్టాడు. మహబూలా వచ్చేదాకా వింటూ కూర్చున్నాను.